నా మొదటి క్షవరం కత్తి, నాలుగేళ్ల తర్వాత: దాని చప్పుడు గురించే చెబుతాను

ఈ కత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది దాని చప్పుడు. నురగ కింద వెంట్రుకలు తెగుతుంటే ఎండు కొబ్బరాకు మీద గోటితో గీసినట్టు సన్నగా మోగుతుంది. చెంప మీద ఒకలా, దవడ మలుపు దగ్గర ఇంకోలా. విశాఖలో నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు దీంతోనే గీసుకుంటున్నాను. ఇప్పటికీ ఆ చప్పుడు వినబడాలని ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపేసి మరీ మొదలుపెడతాను.

కత్తి జర్మనీలోని జోలింగెన్‌లో చేసింది. 5/8 సైజు (అంటే రేకు వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు), గుండ్రటి మొన, కార్బన్ స్టీలు. అవన్నీ ఎక్కడైనా దొరికే వివరాలే. చప్పుడుకి అసలు కారణం ఫుల్ హాలో. రెండు పక్కలా చక్రం మీద లోతుగా చెక్కేస్తారు, వాదరకు ఎదురుగా ఉండే వీపు మాత్రం మందంగా వదిలేస్తారు. వాదరను బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా నొక్కితే వంగడం కంటికి కనబడుతుంది, అంత పలచన. మోగేది ఆ పలచటి రేకే.

కొత్తవాళ్లకి కత్తి ముప్పై డిగ్రీల వాలులో పట్టుకోమని అందరూ చెబుతారు. ముప్పై డిగ్రీలంటే ఎంతో ముఖం మీద ఎవరికి తెలుస్తుంది? నాకు చెవే చెప్పింది. కత్తి ఎక్కువ లేపితే గరగరా గీరుతుంది. మరీ పడుకోబెడితే మూగబోయి వెంట్రుకల్ని పీకుతుంది. సరైన వాలు దొరికిన క్షణం మోగుతుంది. మొదటి రెండు నెలలూ అద్దాన్ని కాదు, ఈ చప్పుడునే నమ్ముకున్నాను. మూడో వారంలో కుడి చెవి తమ్మె కింద చిన్న గాటు పడింది, అంతే. చదరపు మొన అందంగా ఉందని ముందు దానివైపే చూశాను. గుండ్రటిది తీసుకోవడం మంచిదైంది, లేకపోతే ఆ గాటు అంత చిన్నగా పోయేది కాదు.

ఇక రెండో ఏడాది ఆగస్టు సంగతి. పెళ్లికని పది రోజులు ఊరెళ్లాను. వెళ్లేముందు కత్తిని తుడిచి, దాంతో పాటు వచ్చిన తోలు సంచీలో పెట్టి, బాత్‌రూమ్ అరలో ఉంచాను. ఆ పది రోజులూ ఇక్కడ వానే. తిరిగొచ్చి తీస్తే పైకి మెరుస్తూనే ఉంది. తోలు పట్టీ మీద అరవైసార్లు లాగి, నురగ పట్టించి, ఎడమ చెంప మీద పెట్టాను. నాకు తెలిసిన చప్పుడు రాలేదు. ఉప్పుకాగితం రాసినట్టు పొడిగా, తెగి తెగి వచ్చింది. రెండోసారి లాగేసరికి చెంప భగ్గుమంది.

కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. వాదర పొడుగునా సూదితో పొడిచినట్టు నల్లటి చుక్కలు. కొన్ని చుక్కల దగ్గర అంచే లేదు, తుప్పు తినేసింది. తోలు చెమ్మ పీల్చుకుని పది రోజులూ కత్తికి అంటిపెట్టుకుని ఉంది. సముద్రం పక్క ఊరికి పంపుతున్నామని తెలిసీ, ఈ సంచీలో దాచొద్దని అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

పూర్ణా మార్కెట్ వైపు ఒక సందులో పాత సెలూన్ ఉంది. అక్కడి పెద్దాయన ఇప్పుడు బ్లేడు సగానికి విరిచి పెట్టుకునే కత్తే వాడతాడు, మనిషి మారితే బ్లేడు మారుస్తాడు. కానీ కుర్రతనంలో సాన పట్టడం నేర్చినవాడు. కొని ఏడాదైనా నేను తడపడానికే జంకిన 1000, 4000, 8000 నంబరు సాన రాళ్లు (అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన) మూడూ మోసుకెళ్లాను. తన రాయి నడుం అరిగి పల్లమైందని, నావే తడిగుడ్డ మీద పరిచాడు.

“ఈపు లేపకు బాబూ. కొలత దాని ఒంట్లోనే ఉంది” అన్నాడు.

రాయి మీద వీపు, వాదర రెండూ ఒకేసారి ఆనేలా పడుకోబెడితే కోణం దానంతటదే కుదురుతుంది. కూరలు కోసే కత్తికైతే ఆ కోణం మన చెయ్యే నిలబెట్టాలి. ఇంత తేలికైన సంగతికి ఏడాదిపాటు భయపడ్డాను. ముందు 1000 రాయి మీద చుక్కలన్నీ పోయేదాకా అరగదీశాడు, దానికే అరగంట పైన పట్టింది. తర్వాత 4000, ఆ తర్వాత 8000. ఆ చివరి రాయి మీద నీటిని చూడమన్నాడు. మొదట్లో నీళ్లు వాదర ముందు అలలా తోసుకుపోతున్నాయి. కాసేపటికి ఆ అల వాదర దాటి కత్తి మీదికి ఎక్కడం మొదలుపెట్టింది. ముందు మడమ దగ్గర, అంటే పిడి వైపు కొసన, తర్వాత మధ్యలో, చివరికి మొన దాకా. అప్పుడు ఆపాడు. మర్నాడు పొద్దున చెంప మీద పెట్టగానే పాత చప్పుడు వచ్చింది. కత్తి అలాగే పట్టుకుని కాసేపు నిలబడిపోయాను.

అప్పటినుంచి కత్తి బాత్‌రూమ్‌లో ఉండదు. తుడిచి, ఆరనిచ్చి, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాసి, పడకగదిలో స్టీలు డబ్బాలో పెడతాను. మళ్లీ చుక్క పడలేదు.

కొన్న కొత్తలో కొంటే ఫుల్ హాలోనే కొనమని ఇద్దరు స్నేహితులకు గట్టిగా చెప్పాను. ఇప్పుడంత గట్టిగా చెప్పను. వాళ్లలో ఒకతనిది ముళ్లలాంటి గడ్డం. చుబుకం దగ్గర ఆ పలచటి వాదర ఎదురు నిలవలేక వంగి, జారిపోయేది. అంత లోతుగా చెక్కని హాఫ్ హాలో తీసుకున్నాక అతను కుదుటపడ్డాడు, దాని చప్పుడు మొద్దుగా ఉంటుంది, అంతే. నాకు కూడా నాలుగు రోజులు వదిలేసిన గడ్డం మీద చుబుకం దగ్గర మోత తెగిపోతుంది. రోజు విడిచి రోజు గీసుకుంటే ఆ బాధ లేదు.

నా గడ్డం మెత్తన. ఇంటినుంచే ఉద్యోగం కాబట్టి పొద్దున అరగంట తీరిక. ఇంట్లో చిన్నపిల్లలు లేరు. సాన పట్టే మనిషి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాడు. ఈ నాలుగూ ఉన్నవాళ్లకైతే మొదటి కత్తిగా ఇదే కొనమంటాను, అదీ సాన పట్టి పంపేవాళ్ల దగ్గరే. ఏడు గంటల బస్సు అందుకోవాల్సినవాళ్లకి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

పోయిన నెల మొదటిసారి 8000 రాయి మీద నేనే సాన పట్టాను. వీపు లేపలేదు. మడమ నుంచి మధ్య దాకా నీళ్లు ఎక్కాయి, మొన దగ్గర ఎక్కలేదు. చెంపల మీద బాగానే మోగుతోంది. పై పెదవి మీద, మొనతో గీయాల్సిన చోట, ఇంకా గరగరమంటోంది.