సీ2సీ12 కణాలా, చిట్టెలుక పాదం నుంచి తీసిన ఫైబర్లా: ఏది మేలు?

కండరం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "మేడమ్, మా ప్రొటీన్ అస్థి కండరంలో ఎక్కడుంటుందో, ఏం చేస్తుందో చూడాలి. సీ2సీ12 సరిపోతుందా, ఎఫ్‌డీబీ ఫైబర్లు తీయాల్సిందేనా?" సీ2సీ12 అంటే డిష్‌లో పెంచే చిట్టెలుక కండర కణాల లైన్. ఎఫ్‌డీబీ అంటే చిట్టెలుక పాదం అడుగునుండే చిన్న కండరం, ఫైబర్లంటే అందులోని ఎదిగిన కండర కణాలు. ఈ మధ్య మా ల్యాబ్‌లోనూ ఒక కొత్త ప్రాజెక్టు కోసం ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను. సార్కోమియర్ అంటే కండరం సంకోచించే ప్రాథమిక యూనిట్; ట్రయాడ్ అంటే ఫైబర్ పొర లోపలికి వెళ్లే గొట్టం (టీ ట్యూబ్యూల్), దానికి రెండు వైపులా కాల్షియం నిల్వచేసే సంచులు కలిసే చోటు. అంతకు మించి పాఠం చెప్పను.

ముందు సీ2సీ12 సంగతి. 1977లో ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ ఇన్‌స్టిట్యూట్‌లో డేవిడ్ యాఫే, ఓరా సాక్సెల్ చిట్టెలుక తొడ కండరం నుంచి సీ2 అనే కణాల లైన్ తీశారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో హెలెన్ బ్లావ్ బృందం అందులోంచి సీ2సీ12ను వేరు చేసింది. ఇన్నేళ్లయినా దీని వాడకం తగ్గలేదంటే కారణం ఉంది. సీరం బాగా ఉన్న మీడియంలో పెరుగుతాయి, 2 శాతం హార్స్ సీరంలోకి మారిస్తే విభజన ఆపి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, వారం తిరగకముందే మయోట్యూబులు (అనేక కేంద్రకాలున్న లేత కండర కణాలు) తయారు. జన్యువును ఆపాలన్నా, కొత్తది పెట్టాలన్నా చాలా సులువు. జంతువుల అనుమతులు అక్కర్లేదు.

కండరం పుట్టుక గురించిన ప్రశ్న అయితే దీన్ని మించింది లేదు. మయోబ్లాస్టులు (కండరంగా మారబోయే కణాలు) ఒకదానిలో ఒకటి కలవడానికి అవసరమైన మయోమేకర్ ప్రొటీన్‌ను 2013లో ఎరిక్ ఓల్సన్ బృందం ప్రకటించినప్పుడు, ఆ పనిలో ఈ కణాలు కీలకంగా ఉపయోగపడ్డాయి. మన హైదరాబాద్ సీసీఎంబీలో జ్యోత్స్నా ధావన్ బృందం ఇవే కణాలను తాత్కాలికంగా విభజన ఆపేసిన స్థితిలోకి పంపి, మళ్లీ లేపి, కండరంలోని శాటిలైట్ కణాలు (కండరపు మూలకణాలు) అలా నిద్రాణంగా ఎలా ఉండగలుగుతాయో అధ్యయనం చేసింది. ఇలాంటి ప్రశ్నలకు ఎలుకను చంపాల్సిన పనే లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. డిష్ నిండిపోయేదాకా వదిలేయకండి. శనివారం సాయంత్రం చూసి "సోమవారం స్ప్లిట్ చేద్దాంలే" అనుకుంటే, బాగా ఫ్యూజ్ అయ్యే (ఒకదానితో ఒకటి కలిసిపోయే) కణాలు ముందే విభజన ఆపేస్తాయి, ఫ్యూజ్ కానివే మిగిలి పెరుగుతాయి. అలా కొన్ని పాసేజీలు (కొత్త డిష్‌లోకి స్ప్లిట్ చేసి మార్చడాలు) గడిస్తే మీ దగ్గరున్నది పేరుకే సీ2సీ12.

ఇక నా దృష్టిలో అసలు విషయం. ధర, టైమ్, సులువు అన్నీ పక్కన పెట్టి మొదట అడగాల్సింది ఒక్కటే: మీరు వెతుకుతున్న నిర్మాణం మీ డిష్‌లో ఉందా?

ఒక ఉదాహరణ చెబుతాను. మీ ప్రొటీన్ ట్రయాడ్ దగ్గర ఉంటుందని అనుమానం. ఎదిగిన ఎలుక ఫైబర్‌లో ఆర్‌వైఆర్1 (ట్రయాడ్ దగ్గరి కాల్షియం ద్వారం)కి ఒక రంగు, ఆల్ఫా యాక్టినిన్‌కు ఇంకో రంగు వేసి కాన్ఫోకల్ కింద పెట్టండి. యాక్టినిన్ సుమారు 2 మైక్రోమీటర్లకొక గీతలా జడ్ లైన్లను, అంటే సార్కోమియర్ల సరిహద్దులను, చూపిస్తుంది. ఆర్‌వైఆర్1 అలా కాదు, ప్రతి జడ్ లైన్‌కూ అటొకటి ఇటొకటి, జంట గీతలుగా కనిపిస్తుంది. క్షీరదాల కండరంలో టీ ట్యూబ్యూల్ సార్కోమియర్‌కు రెండు చోట్ల, ఏ, ఐ పట్టీలు (ముదురు, లేత పట్టీలు) కలిసే దగ్గర లోపలికి వెళ్తుంది కాబట్టి ఆ జంట. ఇప్పుడు మూడో రంగులో మీ ప్రొటీన్ ఒంటి గీత మీద పడిందా, జంట గీతల మీద పడిందా, రెంటి మధ్యా పడిందా అన్నది చూడగానే తెలిసిపోతుంది. ఫొటో పక్కన పెద్దగా వాదన రాయక్కర్లేదు.

అదే రంగులు మామూలు సీ2సీ12 మయోట్యూబ్‌లో వేస్తే? యాక్టినిన్ కొన్నిచోట్ల చారలు కడుతుంది, కొన్నిచోట్ల చుక్కలుగానే ఉంటుంది. ఆర్‌వైఆర్1 అంతటా చెల్లాచెదురు. టీ ట్యూబ్యూళ్లు ఇంకా అడ్డంగా సర్దుకోలేదు, చాలావరకు పొడుగు దిశలోనే ఉంటాయి. కేంద్రకాలు అంచుకు చేరకుండా నడుమనే వరుస కట్టి ఉంటాయి. మయోసిన్ కూడా ఎక్కువగా పిండ దశ, శిశు దశ రకాలే. స్తంభాలు మాత్రమే లేచిన ఇంట్లో దేవుడి గది ఎక్కడని అడిగితే ఎవరు మాత్రం చెప్పగలరు? రివ్యూయర్ "ఇది నిజంగా ట్రయాడేనా?" అని అడిగినప్పుడు టెన్షన్ పడటం కంటే మొదటి రోజే ఫైబర్లు తీయడం మేలు.

పనితీరు విషయంలోనూ ఇంతే. కాల్షియం డై వేసి ఫైబర్‌కు ఒక్క విద్యుత్ పల్స్ ఇస్తే ఫైబర్ పొడవునా ఒకేసారి కాల్షియం ఎగసి, వెంటనే దిగిపోతుంది. ఎందుకంటే పంపులు, ద్వారాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. మయోట్యూబులోనూ కాల్షియం లేస్తుంది, కానీ దిగడం నెమ్మది, ఒక్కో ట్యూబుదీ ఒక్కో తీరు. డిస్ట్రోఫిన్ మీద పనిచేసేవాళ్లకైతే ఫైబర్ ఉపరితలం మీద జడ్ లైన్లను అనుసరించి ఆ ప్రొటీన్ పట్టీలుగా అమరిన తీరే ముఖ్యం. కండరాలు క్షీణించే డుషేన్ వ్యాధికి నమూనాగా వాడే ఎండీఎక్స్ ఎలుకలో లేనిది ఆ ప్రొటీనే.

అలాగని ఎఫ్‌డీబీ చేతకాని పనులూ ఉన్నాయి, దాచను. పాదం అడుగునుండే ఈ చిన్న కండరంలో ఫైబర్లు పొట్టివి కాబట్టే తెగకుండా పూర్తిగా వస్తాయి. కొలాజినేజ్ అనే ఎంజైమ్‌లో నానబెట్టి, కొన కోసిన వెడల్పాటి టిప్‌తో మెల్లగా పైకీ కిందికీ పీల్చాలి. తొందరపడి గట్టిగా పీల్చారో, ఫైబర్లు ముడుచుకుని నల్లటి ఉండలైపోతాయి. బాగున్నవి నిటారుగా, మెరుస్తూ, ఫేజ్ కాంట్రాస్ట్ కిందే చారలు చూపిస్తాయి. ఆ రోజే పని చేసుకోండి, మహా అయితే మర్నాడు. రోజులు గడిచేకొద్దీ ఆ అమరిక చెడిపోతుంది. సార్కోమియర్ ప్రొటీన్లలో చాలావాటికి ఆయుష్షు ఎక్కువ కాబట్టి డిష్‌లో ఎస్ఐఆర్‌ఎన్‌ఏ (జన్యువును ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ) వేసి అవి తగ్గుతాయని ఎదురుచూడటం వృథా. ముందుగా ఎలుక పాదంలోకే డీఎన్‌ఏ ఎక్కించి ఎలక్ట్రోపొరేషన్ (విద్యుత్ పల్స్‌తో కణాల్లోకి పంపడం) చేసి, వారం పది రోజులు ఆగి ఫైబర్లు తీయాలి. ఒక పాదంలో మీ ప్లాస్మిడ్ (జన్యువును మోసే డీఎన్‌ఏ వలయం), రెండో పాదంలో కంట్రోల్ పెడితే పోలిక ఒకే జంతువులో వస్తుంది. నాకు బాగా నచ్చే సదుపాయం ఇది. ఇంకొకటి, ఇవి ఎక్కువగా టూఏ, టూఎక్స్ రకం వేగపు ఫైబర్లు. నెమ్మది రకం కావాలంటే సోలియస్ (పిక్కలోని కండరం) చూసుకోండి. బలం కొలవాలంటే పైపొర తీసేసిన స్కిన్డ్ ఫైబర్లో, మొత్తం కండరమో కావాలి.

ప్రైమరీ మయోబ్లాస్టులు (జంతువు నుంచి నేరుగా తీసినవి) ఈ రెంటికీ మధ్య దారి. లిస్బన్‌లో ఎడ్గార్ గోమెస్ బృందం పిల్ల ఎలుకల కణాలను మాట్రిజెల్ అనే జెల్ కింద, అగ్రిన్ అనే ప్రొటీన్ కలిపి పెంచి, కేంద్రకాలు అంచుకు చేరిన, ట్రయాడ్లు అడ్డంగా అమరిన మయోట్యూబులు తెప్పించింది. కేంద్రకాలు ఎలా కదులుతాయో చూడాలంటే నేనూ దాన్నే ఎంచుకుంటాను. కాకపోతే చేయి తిరగడానికి చాలాకాలం పడుతుంది.

ఈగ రెక్క కండరం జన్యుశాస్త్రానికి అద్భుతం, బెంగళూరు ఐఐఎస్‌సీలో దాని మీద మంచి పని జరుగుతోంది. కానీ అది సంకోచించే పద్ధతే వేరు. జీబ్రాఫిష్ బతికున్న పిండంలో కండరం ఏర్పడటం చూడటానికి బాగుంటుంది. మనిషి ఐపీఎస్ కణాలు (మూలకణ స్థితికి తిప్పిన కణాలు) రోగి మ్యుటేషన్ కోసమైతే తప్ప మొదటి ప్రాజెక్టుకు వద్దు.

మా కొత్త ప్రాజెక్టుకు ఎఫ్‌డీబీనే తీసుకున్నాం. ప్లాస్మిడ్ పనిచేస్తోందా, యాంటీబాడీ సరైన బ్యాండ్ ఇస్తోందా అన్న పరీక్షలు మాత్రం సీ2సీ12లో ముగించి, ఆ తర్వాతే ఎలుకల దగ్గరికి వెళ్తున్నాం. మీ దగ్గర ఎలుకల కాలనీ లేకపోతే పక్క ల్యాబ్‌ను అడగండి. గుండె కోసమో, మెదడు కోసమో తీసిన ఎలుకల పాదాలు చాలాచోట్ల పారేస్తుంటారు. కణజాలం పంచుకుంటామని ఇద్దరి దరఖాస్తుల్లోనూ రాసి, జంతు నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోండి. పాదాలు చేతికందేసరికి కొలాజినేజ్ కలిపి సిద్ధంగా ఉంచుకోండి.