జకార్తాలో వీసా ఏజెంటుకి 28 లక్షలు ఇచ్చి చేయించుకున్న పని (నా రేటింగు 5కి 2)

ముందే చెప్తున్నా, షాపు పేరు పెట్టను, ఇన్‌బాక్స్‌లో కూడా అడగొద్దు. దక్షిణ జకార్తాలో రుకో అంటారు కదా, కింద షాపు పైన ఇల్లు ఉండే వరస బిల్డింగులు, అందులో ఒక వీసా ఏజెంటు. మా ఆవిడ జావా మనిషి, ఇండోనేషియా పాస్‌పోర్టు, మా అత్తగారిదీ అదే. కార్తీకంలో రాజమండ్రిలో మా తమ్ముడి పెళ్ళి, ఇద్దరూ రావాలి, నాకేమో ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది, కూర్చుని ఫారాలు నింపే ఓపిక లేదు, సరే డబ్బులు పడేస్తే వాళ్ళే చూసుకుంటారులే అని వెళ్ళా. 28 లక్షలంటే కంగారు పడకండి, రుపియాలు, మన లెక్కలో 15 వేలు అటూ ఇటూ. ఈ దేశంలో అందరం లక్షాధికారులమే.

కౌంటర్లో కుర్రాడు మంచోడే, మర్యాదగా మాట్లాడతాడు, ఏం అడిగినా "అమాన్ పాక్" అంటాడు, అంటే ఏం పర్లేదు సార్, సేఫ్ అని. పది వేల రుపియాల మతెరై స్టాంపు (మన రెవెన్యూ స్టాంపు లాంటిది) అంటించిన కాగితం మీద ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, పాస్‌పోర్టులు స్కాన్ చేసుకుని, రసీదు చేతికిచ్చాడు. ఆ రసీదు చదవకుండా జేబులో పెట్టుకోవడం నా తప్పు. ఇంటికొచ్చి చూస్తే రెండు లైన్లున్నాయి. ఇండియా వీసా, గవర్నమెంట్ ఫీజుతో కలిపి, మనిషికి పన్నెండున్నర లక్షలు. సింగపూర్ ఎంట్రీ, మనిషికి లక్షన్నర.

సింగపూర్ ఎంట్రీ ఏంటి బాబూ? ఇండోనేషియా వాళ్ళకి సింగపూర్ వీసాయే అక్కర్లేదు, రెండూ ఆసియాన్ అనే ఆగ్నేయాసియా కూటమి దేశాలు కదా, మలేషియా, థాయిలాండ్, వియత్నాం ఇవన్నీ పాస్‌పోర్టు పట్టుకుని పోవడమే. సింగపూర్‌కైతే పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలు ఉండాలి, వెళ్ళే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్లో అరైవల్ కార్డు నింపాలి, అంతే, దానికి పైసా తీసుకోరు. అసలు మేము సింగపూర్లో దిగేదే లేదు, ఫ్లైట్ మారి హైదరాబాద్ పోతాం, ఇమిగ్రేషన్ దాటని వాళ్ళకి ఆ కార్డు కూడా అక్కర్లేదు. అంటే ఉచితంగా దొరికేది, పైగా మాకు అవసరం లేనిది, దానికి మూడు లక్షలు.

ఇక పైన లైను. ఇండోనేషియా పాస్‌పోర్టుకి మన ఇండియా టూరిస్ట్ ఈ-వీసా ఫీజు సున్నా అండి. 2018 మేలో మోదీ వచ్చినప్పుడు ఇండోనేషియా వాళ్ళకి 30 రోజుల వీసా ఫ్రీ అని ఈ జకార్తాలోనే చెప్పారు, దేశాల వారీ ఫీజు లిస్టులో కూడా ఇండోనేషియా ఎదురుగా సున్నాయే ఉంటుంది. సర్వీసు ఛార్జీ తీసుకో, కాదనను, నీ టైముకి విలువుంది, కానీ లేని గవర్నమెంట్ ఫీజుని రసీదులో రాయడమేంటి? ఫోన్ చేసి అడిగితే "సిస్టం అలాగే ఉంది పాక్" అన్నాడు. అమాన్ అనలేదు, అదొక్కటే తేడా.

సరే డబ్బులు పోతే పోయాయి, పని సవ్యంగా చేసుంటే ఈ రివ్యూయే రాసేవాణ్ణి కాదు. అసలు కథ పేర్ల దగ్గర.

మా ఆవిడ పేరు ఒక్కటే మాట. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు, పాస్‌పోర్టులో పూర్తి పేరు అని ఒకటే గడి, అందులో ఒకటే మాట. జావా వాళ్ళల్లో ఇది మామూలే, సుకర్ణో, సుహార్తో ఇద్దరు ప్రెసిడెంట్లూ ఒక్క పేరువాళ్ళే. మా పెళ్ళప్పుడు శుభలేఖ రాయిస్తూ నాన్నగారు "అమ్మాయి ఇంటిపేరేంట్రా" అంటే లేదు నాన్నా అన్నా, ఇంటిపేరు లేని మనుషులుంటారా, ఏదో దాస్తున్నావని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. విమానం వాళ్ళ సైట్లకీ మా నాన్నగారి బాధే, రెండో గడి నింపకపోతే టికెట్ ఇవ్వవు, అందుకని ఇక్కడ అందరూ ఉన్న పేరునే రెండుసార్లు కొడతారు. సుకర్ణో గారు ఇవాళ ఫ్లైట్ ఎక్కితే బోర్డింగ్ పాస్ మీద సుకర్ణో సుకర్ణో అని ఉంటుందన్నమాట. మనవాళ్ళకీ ఇది తెలియని బాధేం కాదు, 2022 నవంబర్లో ఒక్క పేరున్న పాస్‌పోర్టుకి విజిట్ వీసా ఇవ్వమని యూఏఈ వాళ్ళు అన్నప్పుడు సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళు ఎన్ని తిప్పలు పడ్డారో గల్ఫ్ వెళ్ళే ఇళ్ళల్లో అడగండి.

అత్తగారిది ఇంకో మలుపు. ఆవిడా ఒక్క పేరే, కానీ ఉమ్రాకి, అంటే మక్కా యాత్రకి, వెళ్ళేటప్పుడు సౌదీ వాళ్ళకి ఒక్క పేరు చాలదని ఇమిగ్రేషన్ ఆఫీసులో పాస్‌పోర్టు లోపలి పేజీలో తండ్రి పేరు, తాత పేరు చేర్పించి ముద్ర వేయించుకున్నారు. ఫోటో ఉన్న పేజీలో ఒకటి, లోపలి పేజీలో మూడు. మన ఏజెంటు ఏం చేశాడంటే లోపలి పేజీ చూసి మూడూ ఎక్కించేశాడు. మా ఆవిడదేమో టికెట్ చూసి రెండుసార్లు కొట్టాడు. గ్రాంటెడ్ అని మెయిల్ వచ్చింది కదా అని ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెడితే, అత్తగారికి పాస్‌పోర్టులో ఒక పేరు, టికెట్‌లో రెండు, వీసాలో మూడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి "ఇంతమందిమి వెళ్తున్నామా" అని జావా భాషలో అన్నారు, మా ఆవిడ నవ్వు ఆపుకోలేక కిచెన్లోకి పారిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలని ఫారం మీదే రాసుంటుంది, చెక్ ఇన్ కౌంటర్లో ఆపితే పెళ్ళి ఇక్కడి నుంచి వీడియో కాల్లో చూడాల్సిందే. ఏజెంటుకి ఫోన్ చేస్తే అమాన్ పాక్, లోపలి పేజీ చూపించండి అన్నాడు. ఎవరికి చూపించాలి, మా ఆవిడకి ఆ పేజీ కూడా లేదుగా.

ఆ రాత్రి పదకొండింటికి ఇద్దరికీ మళ్ళీ కొత్తగా ఈ-వీసా అప్లై చేద్దామని నేనే కూర్చున్నా. పేరు గడిలో ఉన్న ఒక్క పేరు, ఇంటిపేరు గడి ఖాళీ, ఫారం ఏమీ అనలేదు, అంతే విషయం. మిగతాదే పొడుగు. తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, మతం, చదువు, తాతలు నాయనమ్మలు ఎవరైనా పాకిస్తాన్ వాళ్ళా, ఇండియాలో తెలిసినవాళ్ళ అడ్రసు ఫోను (మా బాబాయిది ఇచ్చా), ఒంటి మీద కనిపించే గుర్తు. అత్తగారిని నిద్రలేపి పుట్టుమచ్చ ఎక్కడుందండీ అని అడగాల్సొచ్చింది, అల్లుడు అడగాల్సిన ప్రశ్న కాదు కానీ ఏం చేస్తాం, గడ్డం మీదే ఉంది కాబట్టి బతికిపోయా. పాస్‌పోర్టు స్కాన్ పీడీఎఫ్‌లో 300 కేబీ దాటకూడదు.

ఫోటో సంగతి తెలిసినవాళ్ళు తక్కువ, అందుకే చెప్తున్నా. ఇండోనేషియాలో స్టూడియోకి వెళ్ళి పాస్ ఫోటో అంటే అలవాటుగా ఎర్ర బ్యాక్‌గ్రౌండో నీలం బ్యాక్‌గ్రౌండో పెట్టేస్తారు, ఐడీ కార్డు కోసం పుట్టిన సంవత్సరం బేసి అయితే ఎరుపు, సరి అయితే నీలం. మన ఈ-వీసాకి తెల్ల బ్యాక్‌గ్రౌండు, అదీ చదరంగా. అత్తగారిది ఎర్రగా వచ్చింది, గోడకి తెల్ల దుప్పటి కట్టి నేనే ఫోన్లో తీశా. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందైనా అప్లై చేసుండాలి, 30 రోజుల వీసాకి మరీ నెలకి మించి ముందు కుదరదు. మాకు ఇంకా పన్నెండు రోజులుంది కాబట్టి సరిపోయింది, మూడో రోజు పొద్దున్నే ఇద్దరివీ ఒక్కో పేరుతో వచ్చాయి. ఖర్చు సున్నా.

ఇంకోటి. 2025 అక్టోబర్ 1 నుంచి ఇండియాకి వచ్చే ఫారినర్లు 72 గంటల ముందు నుంచి ఈ-అరైవల్ కార్డు ఆన్‌లైన్లో నింపుకోవాలి, ఇదీ ఫ్రీయే. మన ఏజెంటు ఆ ఊసే ఎత్తలేదు. అక్కర్లేని సింగపూర్ కార్డుకి బిల్లేశాడు, కావాల్సిన ఇండియా కార్డు గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

అయితే రెండు స్టార్లు ఎందుకంటే, అసలు ఈ షాపుకి వెళ్ళిందే మా బావమరిది చెప్పబట్టి. వాడికి జర్మనీ వీసా వీళ్ళే చేయించారు. అప్పట్లో కొత్త డిజైన్ ఇండోనేషియా పాస్‌పోర్టుల్లో సంతకం పెట్టే గడి తీసేశారు, 2022 ఆగస్టులో జర్మనీ ఎంబసీ వాళ్ళు ఇలాంటి పాస్‌పోర్టుకి వీసా ఇవ్వం అన్నారు, తర్వాత ఇమిగ్రేషన్ ఆఫీసుల్లో సంతకానికి విడిగా ముద్ర వేసివ్వడం మొదలెట్టారు. బావమరిది పాస్‌పోర్టు తిరగేసి చూసి, ముందు వెళ్ళి సంతకం వేయించుకు రా, అప్పుడే ఫైలు తీసుకుంటా అన్నది ఈ కుర్రాడే. లేకపోతే వాడి ఫీజు, టైము రెండూ గంగలో కలిసేవి. షెంగెన్ ఫైలు, అంటే జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి ఒకటే వీసా, నిజంగానే పెద్ద పని, 30 వేల యూరోల ఇన్సూరెన్సు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఆఫీసు లెటరు, ఫీజు ఇప్పుడు 90 యూరోలు. అలాంటి వాటికి ఏజెంటుకి ఇచ్చినా దండగ కాదు. పైగా రెండోసారి వెళ్ళే ఇండోనేషియా వాళ్ళకి మల్టిపుల్ ఎంట్రీ ఇస్తామని 2025 జులైలో యూరోపియన్ యూనియన్ వాళ్ళు చెప్పారు, మొదటి ఫైలు శుభ్రంగా ఉంటే తర్వాత పనికొస్తుంది.

జపాన్‌కైతే మాత్రం వీళ్ళ గడప తొక్కకండి. చిప్పు ఉన్న ఈ-పాస్‌పోర్టు అయితే 2014 డిసెంబర్ నుంచే ఇండోనేషియా వాళ్ళకి 15 రోజులకి వీసా లేదు, ముందుగా రిజిస్టర్ చేయించుకోవాలి అంతే, అది మూడేళ్ళు పనిచేస్తుంది. మామూలు పాస్‌పోర్టుకి ఈ సౌకర్యం లేదు. మేమిద్దరం వెళ్ళినప్పుడు మా ఆవిడ పాస్‌పోర్టు, చిన్న ఫారం ఇచ్చి స్టిక్కర్ తెచ్చుకుంది, నేను మన ఇండియా పాస్‌పోర్టుతో ఇంత లావు ఫైలు మోసుకెళ్ళా, ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతూనే ఉంటుంది.

శంషాబాద్‌లో ఏ గొడవా లేదు. అత్తగారి వేళ్ళు స్కానర్ మీద పెట్టించుకుని, ఫోటో తీసుకుని, "సర్‌నేమ్ నహీ హై?" అని ఒక్కసారి అడిగారు, లేదండి అన్నా, ముద్ర కొట్టి ఇచ్చేశారు. బ్యాగుల కోసం బెల్టు దగ్గర నిలబడితే ఫోన్లో వాట్సాప్ మోగింది, ఏజెంటు కుర్రాడే, దండం ఎమోజీ పెట్టి "బింతాంగ్ లిమా యా పాక్", ఐదు స్టార్లు వెయ్యండి సార్ అని. రెండు వేశా తమ్ముడూ, ఆ రెండూ జర్మనీవే.