జైలు లోపలా, ఇంటి గడప దగ్గరా?

ఖైదీల కోసం చర్చి చేసే సాయం జైలు లోపల కూడికలకా, బయట వాళ్ళ కుటుంబాలకా అన్నది ప్రశ్న. పాత డచ్చి కోట ఉన్నచోట 1864 నుంచి నడుస్తున్న రాజమండ్రి జైలు అనగానే మన చర్చి సంఘాలకు మొదట గుర్తొచ్చేది క్రిస్మస్ కూడిక. అధికారుల అనుమతి, పాటలు, వాక్యం, కేకు. లోపలున్నవాడికి ఆ పూట ఊరటే, కాదనను.

రెండోది ఖైదీ ఇంటివైపు సాయం. అమలాపురం నుంచి ములాఖత్‌కి, అంటే జైల్లో ఖైదీని కలవడానికి, రావులపాలెం మీదుగా 60 కిలోమీటర్ల పైచిలుకు. భార్యకి బస్సు చార్జీతో పాటు ఆ రోజు కూలీ కూడా పోతుంది. పిల్లల ఫీజులు, వీధిలో మాటలు సరేసరి. బెయిలొచ్చినా జామీనుకు మనిషి దొరకడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఖైదీకి ఉచితంగా లాయరును ఇస్తుంది, కానీ కాగితాలు పట్టుకుని ఆమెతో వెళ్ళేదెవరు? ఇందులో ఫోటోలుండవు (అందుకే కానుకలూ తక్కువేమో). డబ్బు ఒక్కదానికే సరిపోతే నేను బస్సు చార్జీలకే ఇస్తాను.