పోపు వాసనకి 35 యూరోలు, ఆర్ప్ కర్రపలకలకి ఒక పూట

లిఫ్ట్ ఉందని రాశారు. నిజమే, ఉంది. పక్క బిల్డింగులో. మాకిచ్చిన ఫ్లాటు మాత్రం నాలుగో అంతస్తు, 78 మెట్లు. లెక్కపెట్టింది మోకాళ్ళ నొప్పులున్న మా నాన్న.

జర్మనీలోని బాన్‌లో మూడు రాత్రులకి 267 యూరోలు కట్టాం, శిల్పి హాన్స్ ఆర్ప్ పేరిట దగ్గర్లోని రోలాండ్సెక్‌లో ఉన్న మ్యూజియం చూద్దామని. ఆదివారం సాయంత్రం సామాన్లు దించామో లేదో, శుభ్రం చేసే ఖర్చు ఇంకో 60 పంపమని మెసేజ్. బుక్ చేసినప్పుడు ఆ ఊసే లేదు. పెద్దవాళ్ళతో అర్ధరాత్రి రోడ్డున పడతామా అని మా ఆయన కట్టేశాడు. సోమవారం మ్యూజియానికి సెలవని నేను చూసుకోలేదు. ఆ రోజు రైన్ ఒడ్డున నడిచాం, అంతే.

మంగళవారం పొద్దున్న అమ్మ ఉప్మాకి పోపు పెట్టింది. ఎండుమిర్చి రంగు మారకముందే పైకప్పుకున్న పొగ అలారం కూత మొదలెట్టింది. మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతుంటే కింది ఫ్లాటావిడ నైటీలో పైకొచ్చి తలుపు బాదింది. పది నిమిషాల్లో ఓనరు మెసేజ్: వంట వాసనకి డిపాజిట్‌లోంచి 35 యూరోలు కోత. అమ్మ ఉప్మా ముట్టుకోలేదు. "నేను వండకుండా ఉండాల్సింది" అంటూ స్టేషన్ దాకా అదే పాట.

రోలాండ్సెక్‌కి బాన్ నుంచి లోకల్ రైల్లో పావుగంట. జర్మనీ నెల టికెట్ అప్పుడు (2025లో) 58 యూరోలు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రానూపోనూ అందులోనే అయిపోయింది. అది చందా లాంటిది, 10వ తేదీలోపు రద్దు చెయ్యకపోతే వచ్చే నెలకీ డబ్బు కోస్తారు. అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు ఈ సంగతి రాసిపెట్టుకోండి.

రైలు దిగిన పాత స్టేషన్ భవనమే మ్యూజియానికి ద్వారం. కింద ఇప్పటికీ రైళ్ళు ఆగుతాయి. అక్కణ్ణుంచి కొండలోకి సొరంగం, దాని చివర లిఫ్ట్ (నిజంగానే ఉంది అన్నారు నాన్న), ఎక్కితే పైన ఆర్కిటెక్ట్ రిచర్డ్ మైయర్ కట్టిన తెల్లటి భవనం. 2007లో తెరిచారు. అద్దాల్లోంచి చూస్తే కింద రైన్ నది.

హాన్స్ ఆర్ప్ 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు అప్పుడు జర్మనీది, తర్వాత ఫ్రాన్స్‌ది. అందుకే జర్మన్లకి హాన్స్, ఫ్రెంచివాళ్ళకి జాన్. బళ్ళో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉండే మనకి ఇది వింతేం కాదు. 1916లో జూరిక్‌లో డాడా అనే కళా ఉద్యమం మొదలెట్టినవాళ్ళలో ఒకడు. ఆకూ కాదు, గులకరాయీ కాదు, బొజ్జా కాదు, కానీ మూడూ గుర్తొచ్చే ఆకారాలు అతనివి. బొమ్మ పక్కనున్న కాగితం జోలికి వెళ్ళకుండా అమ్మ "గుమ్మడి గింజ" అంది. పొద్దుట్నుంచి పోపు మాట కాకుండా ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది.

నాన్నది గుడివాడలో ముప్పై ఏళ్ళ తలుపులు, కిటికీల పని. నున్నటి కంచు శిల్పాల దగ్గర ఆగలేదు. (కంచువాటి దగ్గర పోతపోసిన ఏడాది కూడా చూడండి, ఆర్ప్ 1966లో పోయాక పోసినవీ ఉన్నాయి.) రంగు వేసిన కర్ర రిలీఫ్ (గోడకి తగిలించే ఉబ్బెత్తు బొమ్మ) దగ్గర మాత్రం నిలబడిపోయారు. పలక మీద పలక, వంపులు తిరిగిన ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో చదును రంగు. ఎదురుగా చూస్తే కాగితం కత్తిరించి అంటించినట్టుంది. నాన్న గోడకి తల ఆనించినంత పని చేసి పక్కనుంచి చూశారు. "అంచు చూడమ్మా. రంగు పైనే కాదు, మందానికీ తిప్పాడు. ఆ నీడ కూడా లెక్కలో వేసుకున్నాడు." నేను మూడుసార్లు ఆ ముందునుంచి నడిచాను, నీడ సంగతే చూడలేదు.

వేలు చాచేసరికి కాపలా ఆవిడ పరుగున వచ్చింది. ఇంకో చీవాట్లు అనుకున్నాం. ఆయన వడ్రంగి అని నా వచ్చీరాని జర్మన్‌లో చెబితే ఆవిడ మొహం మారిపోయింది. ఆర్ప్ గీత గీసి ఇచ్చేవాడట, చాలావాటికి రంపం పట్టింది వడ్రంగులేనట. అది విన్నాక నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే: "మరి వాళ్ళ పేరు ఎక్కడా రాయలేదే?" తర్జుమా చేశాను. ఆవిడ భుజాలు ఎగరేసి నవ్వింది, కానీ అక్కణ్ణుంచి రెండు గదులు మాతోనే తిరిగింది.

అతని భార్య సోఫీ టాయ్‌బర్ 1918-20 ప్రాంతంలో లేత్ మీద తిప్పిన కర్ర తలలకి రంగులు వేసిందని, అవి నేను ఫోన్లో చూపిస్తే అమ్మ "ఏటికొప్పాక బొమ్మలే కదే" అంది. లక్క మెరుపు లేదు గానీ పని అదే, లేత్ మీద తిప్పడం, రంగు చుట్టడం. 1943లో ఒక రాత్రి పొయ్యి పొగకి ఆవిడ చనిపోయిందని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అమ్మ మళ్ళీ పొగ దగ్గరికే వెళ్ళిపోయింది.

మా ఆయనకి బోరు కొట్టి కింద కాఫీ దగ్గర కూచున్నాడు. పిల్లలతో వచ్చేవాళ్ళు రెండు గంటలకి మించి పెట్టుకోకండి. నాన్న లాంటివాళ్ళతో వస్తే పూటంతా పెట్టుకోండి. బస మాత్రం ఎన్నో అంతస్తో, క్లీనింగ్ ఎంతో, వంటగదిలో పొగ గొట్టం ఉందో లేదో రాతలో తెప్పించుకుని గానీ డబ్బు కట్టకండి.

తిరుగు రైల్లో నాన్న మ్యూజియం కాగితం వెనక పెన్సిల్‌తో ఆ గుమ్మడి గింజ గీస్తూ, "టేకు వద్దు, పొణికి కర్ర అయితే వంపుకి లొంగుతుంది" అని తనలో తాను అనుకుంటున్నారు. శుక్రవారం డిపాజిట్ తిరిగొచ్చింది. 200లో 165.