పదకొండేళ్లు ఈఆర్ డయాగ్రామ్‌లు గీశాక: వర్క్‌బెంచ్ గురించి నా గోడు, నా మెచ్చుకోలు

డేటాబేస్‌లోని టేబుల్స్‌నీ, వాటి మధ్య సంబంధాల్నీ చూపే బొమ్మే ఈఆర్ డయాగ్రామ్. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కి అలాంటి బొమ్మ గీసి డిజైన్ చేసుకునే సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్. దాన్ని మొదటిసారి 2014లో ఇన్‌స్టాల్ చేశాను. అప్పుడు బెంగళూరు మారతహళ్లిలో త్రీ షేరింగ్ పీజీలో, అంటే గదికి ముగ్గురుండే హాస్టల్లో ఉండేవాణ్ణి, ల్యాప్‌టాప్‌లో ఉన్నది నాలుగు జీబీ ర్యామ్, అది తెరుచుకునేలోపు కిందికెళ్లి టీ తాగి రావచ్చు. తర్వాత కంపెనీలు మారాయి, ల్యాప్‌టాప్‌లు మారాయి, కొత్త డేటాబేస్ డిజైన్ అనగానే చెయ్యి మాత్రం ఇప్పటికీ దాని మీదకే పోతుంది. కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం కాబట్టి డబ్బులు దండగ అనే మాట లేదు. నేను దండగ చేసుకున్నదంతా టైమే, అందులో సగం నా తొందరపాటు వల్ల.

ముందు ఒక మాట. ఇంజనీరింగ్‌లో డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు) పేపర్‌కి చదివిన ఈఆర్ డయాగ్రామ్ వేరు, ఇందులో గీసేది వేరు. పరీక్షలో మనం గీసింది పీటర్ చెన్ 1976లో రాసిన పేపర్ నుంచి వచ్చిన పద్ధతి: ఎంటిటీకి (మనం లెక్క పెట్టుకునే మనిషో వస్తువో) దీర్ఘచతురస్రం, రిలేషన్‌షిప్‌కి (వాటి మధ్య సంబంధం) డైమండ్, ఆట్రిబ్యూట్‌కి (వాటి వివరం) గుడ్డు ఆకారం. వర్క్‌బెంచ్‌లో డైమండ్లూ లేవు, గుడ్లూ లేవు. టేబుల్ అంటే ఒక పెట్టె, అందులోనే కాలమ్స్ పేర్లు వరసగా, పెట్టెల మధ్య గీత, గీత చివర మూడు వేళ్ల కాకి కాలు. ఆ కాలు ఉన్న వైపు 'చాలా', లేని వైపు 'ఒకటి'. ఇంతే. నాకైతే అది కాకి కాలు కాదు, ముగ్గు ఆరకముందే కోడి తొక్కిన గుర్తులా కనిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలకి అలాగే చెప్తాను, ఒక్కసారి చెప్తే మరిచిపోరు.

దీన్ని ఎందుకు వదల్లేదో చెప్పాలంటే పీజీ సంగతి చెప్పాలి. మున్నేకొలాలలో పీలేరు నుంచి వచ్చిన ఒకన్న పీజీ నడుపుతాడు, నేను రెండేళ్లు అక్కడే ఉన్నాను, ఇప్పటికీ ఆదివారం నాటుకోడి వండితే ఫోన్ చేస్తాడు. లెక్కలన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో ఉండేవి. ఎవరు ఎప్పుడు వచ్చారు, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, నెల అద్దె కట్టారా లేదా. చిన్న సాఫ్ట్‌వేర్ చేసిపెడతానన్నా అని నేనే నోరు జారాను.

మొదటి రోజు ఏమీ గీయకుండా నేరుగా టేబుల్స్ రాసేశాను. రూమ్, బెడ్, టెనెంట్ (అద్దెకున్నవాడు). టెనెంట్ టేబుల్‌లోనే బెడ్ ఐడీ పెట్టాను, ఎవడు ఏ బెడ్‌లో ఉన్నాడో తెలిస్తే చాలు కదా అని. నెల తిరక్కుండా ఒక కుర్రాడు త్రీ షేరింగ్ నుంచి టూ షేరింగ్‌కి మారాడు. నేను బెడ్ ఐడీ మార్చేశాను. అంతే, పాత బెడ్‌లో వాడు ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నాడో ఆనవాలు లేకుండా పోయింది. ఆ నెల అద్దె సగం పాత రేటు, సగం కొత్త రేటు కట్టాలి. అన్న స్క్రీన్ చూసి, "బెడ్డు మారినాడు గదా సామీ, మరి పాత లెక్క యాడ కనపడతాది?" అన్నాడు. ఎక్కడా కనపడదు. నోట్‌బుక్‌లో మాత్రం ఉంది, ఎర్ర పెన్నుతో.

ఆ రాత్రి వర్క్‌బెంచ్ తెరిచి మొదటి నుంచి గీశాను. టెనెంట్‌కీ బెడ్‌కీ మధ్య గీత లాగబోతే అది ముందు ఏ రకం గీతో ఎంచుకోమంటుంది: ఒకటికి ఒకటా, ఒకటికి చాలానా, చాలాకి చాలానా. ఒక మనిషి కాలక్రమంలో చాలా బెడ్లలో ఉంటాడు, ఒక బెడ్‌లో కాలక్రమంలో చాలామంది ఉంటారు. అంటే చాలాకి చాలా. రిలేషనల్ డేటాబేస్‌లో, అంటే మైఎస్‌క్యూఎల్‌లా టేబుల్స్‌తో నడిచేదాంట్లో, అలాంటి గీతని నేరుగా పెట్టలేం, మధ్యలో ఇంకో టేబుల్ రావాల్సిందే. వర్క్‌బెంచ్‌లో ఆ గీత లాగితే అదే 'టెనెంట్_హ్యాజ్_బెడ్' అని ఒక టేబుల్ పుట్టిస్తుంది. ఆ పేరు చూసి నవ్వుకుని 'స్టే' అని మార్చాను, చేరిన తేదీ, ఖాళీ చేసిన తేదీ, నెల రేటు అందులో పెట్టాను. మర్నాడు అన్నకి చూపిస్తే నోట్‌బుక్ తెరిచి ఒక పేజీ చూపించాడు. తేదీ నుంచి తేదీ వరకు, బెడ్ నంబరు, రేటు. నేను రాత్రి రెండింటిదాకా మేలుకుని కనిపెట్టిన స్టే టేబుల్ ఆయన పదేళ్లుగా రాస్తున్న వరసే.

కోడ్ రాసేటప్పుడు ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. గీత గీయబోతేనే అడిగింది. ఇన్నేళ్లలో దీన్ని నేను మెచ్చుకునేది ఈ ఒక్క పనికే. ప్రతి గీతకీ రెండు చివర్లు, ప్రతి చివరకీ రెండు ప్రశ్నలు: ఒకటా చాలానా, తప్పనిసరా కాదా. జవాబు మనకి తెలియకపోతే తెలిసినవాళ్లని అడగాలి. "ఒక బెడ్‌లో ఒక సమయానికి ఒక్కడేనా అన్నా?" అని నేను ఊరికే, తెలిసిన జవాబే కదా అన్నట్టు అడిగాను. "ఒక్కడే... కానీ మొన్న పగటి షిఫ్టోడు, రాత్రి షిఫ్టోడు చెరి సగం ఇచ్చుకుంటామంటే ఒప్పుకున్నా" అన్నాడు. ఇలాంటివి ఏ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లోనూ దొరకవు.

ఇక్కడే డయాగ్రామ్ చేతకానితనం కూడా బయటపడుతుంది. ఆ చెరి సగం ఒప్పందాలు పక్కన పెడితే, ఒకే బెడ్‌కి రెండు స్టేల తేదీలు ఒకదానిమీద ఒకటి పడకూడదు. ఈ మాటని కాకి కాలుతో గీయలేం. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అని ఉంది, డేటాబేసే ఆపుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ట్రిగ్గర్ (డేటా చేరేటప్పుడు దానంతట అదే నడిచే చిన్న కోడ్) రాసుకోవాలి, లేదా అప్లికేషన్‌లో చూసుకోవాలి. నేను డయాగ్రామ్ మీద ఒక నోట్ పెట్టె అంటించి అందులో రాసిపెట్టాను. నోట్‌ని ఎవరు చదువుతారు, అది వేరే సంగతి.

ఇప్పుడు గోడు. వర్క్‌బెంచ్ టూల్‌బార్‌లో ఒకటికి-చాలా గీతలు రెండు రకాలు, ఒకటి చుక్కల గీత, ఒకటి నిండు గీత. చూడ్డానికి నిండు గీత గట్టిగా, నమ్మకంగా ఉంటుంది, కొత్తవాళ్లందరూ అదే లాగుతారు, నేనూ అదే లాగాను. నిండు గీత అంటే ఐడెంటిఫయింగ్ రిలేషన్‌షిప్, తండ్రి టేబుల్ కీ వచ్చి పిల్ల టేబుల్ ప్రైమరీ కీలో (ప్రతి వరసనీ విడిగా గుర్తుపట్టే కాలమ్స్) కూర్చుంటుంది. స్టేకి తనదంటూ ఐడీ ఉన్నా సరే టెనెంట్ ఐడీ, బెడ్ ఐడీ కూడా ప్రైమరీ కీలో చేరతాయి. అక్కడినుంచి పేమెంట్ టేబుల్‌కి ఇంకో గీత లాగితే ఆ మూడు కాలమ్స్ మూటగట్టుకుని అక్కడికీ వెళ్తాయి. పీజీ డిజైన్‌లో పేమెంట్ టేబుల్ ఒక్కసారిగా ఎందుకంత లావైందో అర్థం కాక అరగంట చూశాను. మీకు కావాల్సింది తొంభై శాతం సార్లు చుక్కల గీతే.

రెండోది డిఫాల్ట్‌లు. కొత్త కాలమ్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే టైప్ దానంతట అదే వార్‌చార్ 45, అంటే 45 అక్షరాల వరకే పట్టేది, వస్తుంది. ఎందుకు 45 అని నన్నడగకండి. ఎవరైనా ఒక డేటాబేస్ చూపించి అందులో ఊరి పేరు, ఈమెయిల్, అడ్రస్ అన్నీ వార్‌చార్ 45 ఉంటే, అది వర్క్‌బెంచ్‌లో గీసిందనీ, గీసినవాడు కాలమ్స్ వైపు రెండోసారి చూడలేదనీ అక్కడే చెప్పేయొచ్చు. మా పాత కంపెనీలో అలాంటి డేటాబేస్ నా చేతికి వచ్చింది. పేరు కాలమ్ 45, సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ (సరిపోని డేటాని తిప్పికొట్టే సెట్టింగ్) ఆఫ్. మన గోదావరి వైపు పేర్లు తెలుసుగా, వెంకట సత్య సూర్య నాగ లక్ష్మీ నరసింహ మూర్తి లాంటి పేరు ఇంగ్లిష్‌లో రాస్తే ఖాళీలతో కలిపి 49 అక్షరాలు. 45 దగ్గర కోసేసి, ఒక వార్నింగ్ ఇచ్చి, మిగతాది వదిలేసింది. మూర్తి కాస్తా 'ఎం యు' దగ్గర ఆగిపోయాడు, ప్రింటయిన ఐడీ కార్డు మీద కూడా అలాగే. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఇప్పుడైతే కోయకుండా ఎర్రర్ ఇస్తుంది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి: ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు కాలమ్స్ పెట్టి రెండింటికీ నాట్ నల్ (ఖాళీగా వదలకూడదు) టిక్ పెట్టకండి. మన ఇంటిపేరు ముందుంటుంది, పక్క గదిలోని తమిళ కుర్రాడికి ఇంటిపేరే లేదు, తండ్రి పేరులోని ఒక్క అక్షరం ఉంది. పీజీలో 'ఆధార్‌లో ఉన్నట్టు పేరు' అని ఒక్క కాలమ్ పెట్టాను. ఇంతవరకు ఎవరూ గొడవ చేయలేదు.

నా గుండె ఆగినంత పని అయింది మాత్రం ఫార్వర్డ్ ఇంజనీర్ దగ్గర. గీసిన బొమ్మ నుంచి అదే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కి ఆదేశాలిచ్చే భాష) స్క్రిప్ట్ తయారుచేసి సర్వర్ మీద నడిపే సదుపాయం అది, నిజంగా హాయి. నాలుగైదు స్క్రీన్లు వస్తాయి, వాటిలో ఒక దాంట్లో ప్రతి క్రియేట్‌కి (కొత్త టేబుల్ కట్టడం) ముందు డ్రాప్ (పాత టేబుల్ని డేటాతో సహా తీసేయడం) పెట్టాలా అనే టిక్ ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లో పనిచేసేటప్పుడు ఆ టిక్ పెట్టుకున్నాను, ప్రతిసారీ శుభ్రంగా మళ్లీ కట్టుకోవడానికి. ఒక శుక్రవారం సాయంత్రం, క్యాబ్ కింద హారన్ కొడుతుంటే, కనెక్షన్ మార్చి టెస్టింగ్ సర్వర్ మీద అదే పని చేశాను. నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్. ఫారిన్ కీలు (ఒక టేబుల్ని ఇంకో టేబుల్‌కి కట్టే లంకెలు) అడ్డుపడతాయి కదా అనుకోవచ్చు, పడవు, ఎందుకంటే ఆ స్క్రిప్ట్ మొదటి లైన్లలోనే ఫారిన్ కీ చెక్స్ ఆఫ్ చేస్తుంది. రోల్‌బ్యాక్ (చేసింది రద్దు చేయడం) కొడదామా అంటే మైఎస్‌క్యూఎల్‌లో డ్రాప్ టేబుల్ వెంటనే కమిట్ అయిపోతుంది, వెనక్కి రాదు. టెస్టర్లు మూడు వారాలుగా ఎక్కించుకున్న డేటా మొత్తం పోయింది. సోమవారం నా మొహం చూసి ఎవరూ మాట్లాడలేదు. తప్పు టూల్‌ది అననుగాక అనను, నడిపే ముందు పూర్తి స్క్రిప్ట్ కళ్లముందు పెడుతుంది, నేనే చదవలేదు. అప్పటినుంచి దాన్ని సర్వర్ మీద నేరుగా నడపను. స్క్రిప్ట్ ఫైల్‌గా సేవ్ చేసి, డ్రాప్ అనే మాట వెతికి, ఆ తర్వాతే.

కొత్తవాళ్లకి తప్పకుండా తగిలే ఇంకో రాయి: మీ సర్వర్ మరియాడీబీ (మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయి పుట్టిన డేటాబేస్) అయితే ఫార్వర్డ్ ఇంజనీర్ చేసిన స్క్రిప్ట్ 1064 ఎర్రర్ కొట్టి 'విజిబుల్' అనే మాట దగ్గర ఆగిపోతుంది. ఇండెక్స్ (వేగంగా వెతకడానికి పెట్టే సూచిక) విజిబుల్, ఇన్విజిబుల్ అనేది మైఎస్‌క్యూఎల్ 8లో వచ్చిన సంగతి, మరియాడీబీకి ఆ మాట అర్థం కాదు. ప్రిఫరెన్సెస్‌లో మోడలింగ్ కింద టార్గెట్ వెర్షన్ 5.7 అని మార్చుకుంటే పోతుంది. దీని కోసం ఒక జూనియర్ రెండు రోజులు కూర్చున్నాడు, టెన్షన్‌తో భోజనం కూడా మానేశాడు పాపం.

రివర్స్ ఇంజనీర్, అంటే ఉన్న డేటాబేస్ నుంచి బొమ్మ గీయించడం, ఫారిన్ కీలు సరిగ్గా పెట్టుకున్నవాళ్లకే పనికొస్తుంది. ఒక పాత ప్రాజెక్ట్‌లో నూటికి పైగా టేబుల్స్ లాగితే ఒక్క గీత రాలేదు, సంతలో పరిచిన తట్టల్లా పెట్టెలన్నీ విడివిడిగా. ఫారిన్ కీలు స్లో చేస్తాయని అప్పట్లో ఎవరో అన్నారట, అందుకని పెట్టలేదట.

అసలు నన్ను దీన్నుంచి మెల్లగా దూరం చేస్తున్నది ఫైల్. మోడల్ ఎండబ్ల్యూబీ ఫైల్‌గా సేవ్ అవుతుంది, అది లోపల ఎక్స్ఎంఎల్ పెట్టిన జిప్. గిట్‌లో (ఫైళ్లలో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే టూల్) పెడితే మారిందని తెలుస్తుంది, ఏం మారిందో తెలియదు. ఇద్దరు ఒకే మోడల్ మీద పనిచేస్తే కలపడం కుదరదు, ఒకరి పని పోవాల్సిందే. మా టీమ్‌లో 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అని మూడు ఫైళ్లు తిరిగిన రోజులున్నాయి. అందుకే ఆఫీసులో ఇప్పుడు డయాగ్రామ్‌ని మర్మెయిడ్‌లో (రాతనే బొమ్మగా మార్చే టూల్) టెక్స్ట్‌గా రాస్తున్నాం, గిట్ ఫైళ్లు పెట్టుకునే సైట్ గిట్‌హబ్ 2022 నుంచి దాన్ని బొమ్మగా చూపిస్తోంది, ఎవరు ఏ గీత మార్చారో లైన్ లైన్‌గా కనిపిస్తుంది. చూడ్డానికి అంత అందంగా ఉండదు, పెట్టెలు మనం పెట్టిన చోట కూర్చోవు. టీమ్ పనికి అదే మేలు. ఒక్కరే కూర్చుని, ఎదురుగా అడగడానికి మనిషి ఉండి, మొదటి నుంచి గీయాలంటే నేను ఇప్పటికీ వర్క్‌బెంచే తెరుస్తాను, అది కూడా ముందు కాగితం మీద పెన్సిల్‌తో ఒక రౌండ్ అయ్యాకే.

పీజీది మొన్న మళ్లీ తెరవాల్సి వచ్చింది. పిల్లల్ని చూడ్డానికి ఊర్నుంచి అమ్మానాన్నలు వచ్చి రెండు రోజులుంటే అన్న రోజుకింత అని తీసుకుంటున్నాడు, ఆ లెక్క కూడా పెట్టమన్నాడు. వాళ్లకి అడ్వాన్స్ లేదు, బెడ్ నంబరు లేదు, కొడుకు గదిలోనే కింద చాప వేసుకుంటారు. వాళ్లు టెనెంట్లా, లేక స్టేకి వేలాడే గెస్ట్ అనే వేరే పెట్టా? గెస్ట్ నుంచి స్టేకి గీత లాగి, చెరిపి, మళ్లీ లాగాను. ఇద్దరు అన్నదమ్ములు ఒకే గదిలో ఉంటే వాళ్లమ్మ ఎవరి స్టే కిందికి వస్తుందని అన్నని అడిగాను. "ఎవురు డబ్బులిస్తే వాళ్ల కింద రాయి సామీ" అన్నాడు. ఇద్దరూ చెరి సగం ఇస్తే?