తొమ్మిది క్రిస్మస్‌ల వాడకం తరువాత మా అలంకరణ సామాను

2016 డిసెంబరులో, పెద్ద నోట్లు రద్దై నెల దాటినా చేతిలో రొక్కం ఆడని రోజుల్లో, మిర్యాలగూడలోని మా రెండు గదుల ఇంటికి ఒక కాగితపు నక్షత్రం, నాలుగడుగుల ప్లాస్టిక్ చెట్టు, రెండు సీరియల్ సెట్లు, యేసు పుట్టుకను చూపే పశువుల పాకకు మట్టి బొమ్మలు మాత్రమే కొన్నాము. 2024 వరకు పండుగ వాటితోనే గడిచింది.

అన్నిటిలో డబ్బుకు తగిన వస్తువు నక్షత్రమే. దానిది మడత అట్ట కాదు, వెదురు బద్దల చట్రం. అందువల్ల మంచుకు తడిసి కాగితం జారిపోయినా, రెండేళ్లకోసారి రంగు కాగితం మార్చుకుంటే సరిపోతున్నది. మైదా ఉడికించిన జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే అటక మీద బొద్దింకలు కొరకవు, కాకపోతే అది విషం కనుక పిల్లల చేతికి అందనివ్వకూడదు. మొదటి ఏడాది లోపల 40 వాట్ల పాత బల్బు వేలాడదీయగా, రెండు రాత్రులకే ఒక కొమ్ము లోపలివైపు గోధుమరంగుకు మాడి, గోటితో గీరితే పొడిగా రాలింది. 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టిన తరువాత ఆ బెడద లేదు.

సీరియల్ సెట్లు మాత్రం విసిగించాయి. చిన్న బల్బులు ఒకే వరుసలో 230 వోల్టులను పంచుకునే రకం కావడంతో, ఒకటి మాడితే దండంతా ఆరిపోయేది. ఒకసారి క్యారల్స్ బృందం వాకిట్లో పాడుతుండగా, నేను కిటికీ దగ్గర ఒక్కో బల్బూ పీకి చూస్తూ కూర్చున్నాను. ప్లాస్టిక్ చెట్టు ఏటా ఆకు రాల్చి, తీగలు తుప్పు పట్టి, ఇప్పుడు సగం బోడిగా ఉన్నది. దానిని మళ్లీ కొనను.

పశువుల పాకకు దాదాపు ఖర్చు లేదు. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం కోతలు అప్పటికి ముగుస్తాయి కనుక వరిగడ్డికి కొదవ ఉండదు. జనవరి 6న ముగ్గురు రాజుల పండుగ కాగానే గడ్డిని పారవేయాలి. ఒక ఏడాది బొమ్మలతో పాటే పెట్టెలో ఉంచితే ఎలుకలు గూడు కట్టాయి. ఆ సర్దుబాటులోనే జోజప్ప, అంటే మరియమ్మ భర్త యోసేపు, బొమ్మ మెడ విరిగింది. అతికించాము గాని తల కొంచెం పక్కకు తిరిగి, అర్ధరాత్రి పూజ నుంచి వచ్చి తొట్టిలో పెట్టే బాలయేసును కాక, మా వంటగది గుమ్మాన్ని చూస్తుంటాడు.