నాలుగు కన్సోళ్ళు, ఒకటే రౌటర్: రెండేళ్ళు వాడాక నా సమీక్ష

బెంగళూరులో మారతహళ్ళి పక్కన మున్నెకొళ్ళాలలో రెండు పడక గదుల అద్దె ఇల్లు మాది. నాది ప్లేస్టేషన్ 5. మా తమ్ముడికి, మా మరిదికి చెరొక ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్. పాపకు నింటెండో స్విచ్. ఉద్యోగాల కోసం ప్రొద్దుటూరు నుంచి వచ్చిన తమ్ముడు, మరిది ఇద్దరూ మాతోనే ఉంటారు. శనివారం రాత్రి భోజనాలయ్యి గిన్నెలు సర్దేసరికి ఇంట్లో నాలుగు తెరలూ వెలుగుతాయి.

ఎవరికి వాళ్ళు ఆడుకుంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఇద్దరు కలిసి ఒకే ఆటలోకి దిగితేనే గొడవ మొదలయ్యేది. ఒకరు లాబీలోకి (ఆట మొదలయ్యేముందు ఆటగాళ్ళు చేరే చోటుకి) రాగానే ఇంకొకరు బయటికి పోయేవారు. ఆటలోని వాయిస్ చాట్‌లో మాట ఒకవైపే వెళ్ళేది. "వదినా, నీ మాట నాకు వినపడతాంది, నా మాట నీకు వస్తాందా?" అని మరిది పక్క గదిలోంచి కేకేసేవాడు. ఆ కేక గోడ దాటి వచ్చేది కానీ హెడ్‌సెట్‌లోకి వచ్చేది కాదు. ఎక్స్‌బాక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ చూస్తే న్యాట్ టైప్ (బయటి కన్సోళ్ళు మనదాన్ని ఎంత సులువుగా చేరగలవో చెప్పేది) స్ట్రిక్ట్ అని ఉండేది. నా ప్లేస్టేషన్‌లో టైప్ 3, అదీ స్ట్రిక్ట్ లాంటిదే. పాప హైదరాబాద్‌లోని పెద్దమ్మ కూతురితో మారియో కార్ట్ ఆడదామని కూర్చుంటే 2618-0516 అనే ఎర్రర్ వచ్చేది. అది కూడా న్యాట్ దాటలేకపోయానని చెప్పే ఎర్రరే. పిల్ల ఏడుపు మొహం పెట్టిన ఆ రోజే దీన్ని తేల్చాలని గట్టిగా అనుకున్నాను.

అందరూ చేసే పనే మేమూ ముందు చేశాం. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 300కి పెంచాం. గేమ్ డౌన్‌లోడ్లు తొందరగా అయ్యాయి, లాబీ సమస్య మాత్రం అలాగే ఉంది. ఆన్‌లైన్ ఆటకు పెద్ద స్పీడ్ అవసరం లేదు, ఒక్కో కన్సోల్ ఆడేటప్పుడు తీసుకునేది చాలా తక్కువ. దానికి కావలసింది రెండే: బయటి నుంచి వచ్చే ప్యాకెట్ (డేటా ముక్క) సరైన కన్సోల్‌కి చేరే దారి, ఆ దారిలో క్యూ లేకపోవడం.

దారి సంగతి ముందు. ఇంట్లో ఎన్ని పరికరాలున్నా బయటి ప్రపంచానికి కనిపించే అడ్రస్ ఒక్కటే. రౌటర్ ఆ ఒక్కదాన్నే అందరికీ పంచడాన్ని న్యాట్ అంటారు. లోపలి నుంచి వెళ్ళిన దానికి వచ్చే జవాబును ఎవరికివ్వాలో రౌటర్‌కు గుర్తుంటుంది. కానీ ఆటల్లో, చాట్‌లో అవతలి ఆటగాడి కన్సోల్ తనంతట తాను మనల్ని పిలుస్తుంది. ఆ పిలుపు ఫ్లాట్ నంబరు లేకుండా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చిన పార్సిల్ లాంటిది. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఈ పోర్టు నంబరుతో వచ్చినది ఫలానా ఇంటికి అని గేటు దగ్గర రాసిపెట్టడం. ఎక్స్‌బాక్స్ ముఖ్యంగా వాడేది 3074 పోర్టు. నేను దాన్ని తమ్ముడి ఎక్స్‌బాక్స్‌కి రాసిపెట్టాను. వాడికి కొంచెం మెరుగైంది, మరిదికి మాత్రం స్ట్రిక్ట్ అలాగే ఉండిపోయింది. ఒక పోర్టు ఒక్క కన్సోల్‌కే వెళ్తుంది కాబట్టి అలాగే అవుతుంది. కన్సోల్‌ని డీఎంజెడ్ అనే రౌటర్ సెట్టింగ్‌లో పెట్టమని ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. అదీ ఒక్క పరికరానికే, పైగా ఆ పరికరం మొత్తాన్నీ బయటికి తెరిచిపెడుతుంది. నాకు నచ్చలేదు, తీసేశాను. నింటెండో వాళ్ళయితే స్విచ్ కోసం పోర్టుల పెద్ద వరుసనే ఫార్వర్డ్ చేయమంటారు. ఒకే కన్సోల్ ఉన్న ఇంటికి అది సరిపోతుందేమో. మా ఇంట్లో అలా చేస్తే మిగతా మూడింటికి ఏమీ మిగలదు.

అసలు సమస్య అంతకంటే పైన ఉందని నాకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపు ఉన్న అడ్రస్) అనే గడి ఉంటుంది. నాకు అక్కడ 192.168తో మొదలయ్యే నంబరు కనిపించింది. అది ఇళ్ళ లోపల వాడే నంబరు. అంటే ఇంటర్నెట్ వాళ్ళు పెట్టిన ఫైబర్ బాక్సు కూడా రౌటర్‌లాగే పనిచేస్తోంది, దాని వెనక నా రౌటర్ ఉంది. ఒక గేటు వెనక ఇంకో గేటు. నేను లోపలి గేటు దగ్గర ఎన్ని నంబర్లు రాసినా బయటి గేటుకు తెలియదు. ఫైబర్ బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ను నేరుగా నా రౌటర్‌కి అందించేలా) పెట్టమని అడిగితే కస్టమర్ కేర్ వాళ్ళకు ఆ మాట అర్థమవడానికి మూడు ఫోన్లు పట్టాయి. చివరికి వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు మాత్రం పది నిమిషాల్లో మార్చేసి, లైన్‌లోకి లాగిన్ అవడానికి పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాడు. వాటిని నా రౌటర్‌లో వేశాను.

ఇప్పుడు వ్యాన్ ఐపీ 100.72తో మొదలైంది. ఇదీ అసలైన పబ్లిక్ అడ్రస్ కాదు. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసను 2012లో ప్రత్యేకంగా ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపల వాడుకోవడానికే కేటాయించారు. దీన్ని సీజీన్యాట్ అంటారు. ఐపీవీ4 అనే పాత రకం ఇంటర్నెట్ అడ్రసులు సరిపోక ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలా ఇళ్ళకు పంచుతారు. అంటే మూడో గేటు, అది మన చేతిలో ఉండదు. స్టాటిక్ పబ్లిక్ ఐపీ (మా ఇంటికే సొంతమైన, మారని అడ్రస్) కావాలని మెయిల్ పెట్టి, నెలకు కొంత అదనంగా కట్టాను. అది వచ్చిన సాయంత్రం నేను ఒక్క కొత్త సెట్టింగ్ కూడా మార్చకుండానే నా ప్లేస్టేషన్ టైప్ 2కి వచ్చింది. రౌటర్ వెనక ఉన్న ప్లేస్టేషన్‌కి అదే మంచి స్థితి, టైప్ 1 కోసం వెతకాల్సిన పనిలేదు.

అందుకే ఎవరు అడిగినా ముందు వ్యాన్ ఐపీ చూడమనే చెబుతాను. గేమింగ్ రౌటర్ అని పేరు పెట్టి, ఆరు యాంటెనాలు తగిలించి అమ్మేది ఎంత ఖరీదైనదైనా ఆ మూడో గేటును తీయలేదు.

పబ్లిక్ ఐపీ వచ్చాక పాత ఫార్వర్డింగ్ రూల్స్ అన్నీ చెరిపేసి యూపీఎన్‌పీ ఆన్ చేశాను. ఇది ఉంటే కన్సోలే రౌటర్‌ను అడిగి తనకు కావలసిన పోర్టు తెరిపించుకుంటుంది, ఆ నంబరు అప్పటికే ఇంకొకరికి ఇచ్చి ఉంటే వేరేది అడగగలుగుతుంది. చేత్తో రాసిన రూల్, యూపీఎన్‌పీ రెండూ ఒకే పోర్టు మీద ఉంటే కొట్టుకుంటాయి. నేను 3074 రూల్ ఒకటి చెరపడం మర్చిపోయి వారం రోజులు తల పట్టుకున్నాను. కాల్ ఆఫ్ డ్యూటీ ప్లేస్టేషన్‌లో కూడా 3074నే వాడుతుంది. అందుకే రెండు వేర్వేరు కంపెనీల కన్సోళ్ళయినా గొడవ వస్తుంది.

రెండు ఎక్స్‌బాక్స్‌ల మధ్య పంచాయితీ మాత్రం యూపీఎన్‌పీతో పూర్తిగా తీరలేదు. ఒక్కోసారి ఇద్దరూ ఓపెన్, ఒక్కోసారి రెండోది మోడరేట్. దానికి మందు ఎక్స్‌బాక్స్‌లోనే ఉంది: సెట్టింగ్స్, జనరల్, నెట్‌వర్క్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో ఆల్టర్నేట్ పోర్ట్ సెలెక్షన్. దాన్ని మాన్యువల్ చేసి, అది చూపించే నంబర్లలో ఒకటి ఎంచుకోవాలి. మరిది ఎక్స్‌బాక్స్‌కి అలా వేరే నంబరు ఇచ్చి, తమ్ముడిది 3074 మీదే వదిలాను. ఏడాదిన్నరగా ఇద్దరికీ ఓపెన్. ఇంత మంచి సదుపాయాన్ని అంత లోపల దాచడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ప్రతి కన్సోల్‌కీ రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ కూడా చేశాను, ఎప్పుడూ అదే లోపలి ఐపీ వచ్చేలా. ఒక జాగ్రత్త: కన్సోల్‌కి వైఫైకి ఒక మ్యాక్ అడ్రస్ (రిజర్వేషన్ కోసం రౌటర్ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు), కేబుల్‌కి ఇంకొకటి ఉంటుంది. వైఫై నుంచి కేబుల్‌కి మారిన రోజు మా రిజర్వేషన్ పనిచేయలేదు, రెండో మ్యాక్ కూడా రాశాకే కుదిరింది.

కేబుల్ గురించి ఎక్కువ చెప్పను, వీలైతే వేయండి. ఎస్‌పీ రోడ్డులో క్యాట్ 6 కేబుల్, ఐదు పోర్టుల గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ కొన్నాం. అద్దె ఇల్లు కాబట్టి గోడకు రంధ్రాలు పెట్టకుండా తలుపు చట్రం మీదుగా అంటించే క్లిప్పులతో లాగాం. మా పాప దగ్గర ఉన్నది పాత మోడల్ నింటెండో కాబట్టి డాక్‌లో (టీవీకి కలిపే స్టాండులో) కేబుల్ పెట్టే లాన్ పోర్టు లేదు (ఓఎల్ఈడీ మోడల్ డాక్‌కి ఉంది). దాన్ని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉంచాం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్ళు 1, 6, 11 మూడే. మా అపార్ట్‌మెంట్‌లో స్కాన్ చేస్తే ముప్ఫై పైగా నెట్‌వర్క్‌లు ఆ మూడింటి మీదే కనిపించాయి.

ఇక క్యూ సంగతి. నాకు ఈ రెండేళ్ళలో అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే. తమ్ముడు కొత్త గేమ్ డౌన్‌లోడ్ పెట్టినా, మా ఆయన ఆఫీసు ఫైళ్ళు అప్‌లోడ్ చేసినా నా ఆటలో పింగ్ (సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే సమయం) 25 మిల్లీసెకన్ల నుంచి 300 దాటేది. గోల్ కొట్టాననుకున్న బంతి వెనక్కి వచ్చి నిలబడేది. ప్యాకెట్లు పోవడం లేదు, పెద్ద బఫర్‌లో క్యూలో నిలబడి ఆలస్యమవుతున్నాయి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. మా రౌటర్ ఓపెన్‌వర్ట్ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగే మామూలు మోడల్. అడుగున స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ నంబరు సరిచూసుకుని ఆ వెర్షన్ ఫైలే ఎక్కించాను. అది తప్పితే రౌటర్ పనికిరాకుండా పోవచ్చు కాబట్టి ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. ఓపెన్‌వర్ట్‌లో యూపీఎన్‌పీ ముందే ఉండదు. దానికి మినీయూపీఎన్‌పీడీ, క్యూ కోసం ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీలు విడిగా వేసుకోవాలి.

ఎస్‌క్యూఎమ్‌లో కేక్ అనే పద్ధతి ఎంచుకుని, డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండింటినీ కొలిచిన స్పీడ్‌లో 90 శాతానికి కట్టేశాను. అప్పుడు క్యూ ఇంటర్నెట్ వాళ్ళ బాక్సులో కాకుండా నా రౌటర్‌లో ఏర్పడుతుంది, కేక్ దాన్ని అందరికీ సమానంగా పంచుతుంది. ఇప్పుడు డౌన్‌లోడ్ నడుస్తున్నా పింగ్ 30, 35 దగ్గరే ఆగుతోంది. ఆ 10 శాతం వదులుకున్నందుకు ఇంట్లో ఎవరూ ఇంతవరకూ అడగలేదు. రౌటర్ ప్రాసెసర్ మీద మాత్రం భారం పడుతుంది. మాది 300 ఎంబీపీఎస్ దాకా తట్టుకుంటోంది, అంతకు మించిన ప్లాన్ ఉంటే ఇంకా బలమైన రౌటర్ చూసుకోవాలి. కేక్ 2018లో లినక్స్ కెర్నల్‌లోకి వచ్చింది. ఈ సమస్య మీద ఏళ్ళ తరబడి పనిచేసిన డేవ్ టాట్ 2025లో చనిపోయారని చదివినప్పుడు, మా ఇంట్లో ప్రతి శనివారం ఆయన పని వల్లే సాఫీగా నడుస్తోందని మా వాళ్ళకు చెప్పాను.

కరెంటు పోయిన ప్రతిసారీ ఒక చిక్కు ఉండేది. రౌటర్ ఆగి లేచేసరికి యూపీఎన్‌పీ పట్టిక ఖాళీ అవుతుంది. రెస్ట్ మోడ్‌లో ఉన్న కన్సోల్‌కి అది తెలియదు, తన పోర్టు ఇంకా తెరిచే ఉందనుకుంటుంది. కన్సోల్‌ని పూర్తిగా రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. వానాకాలంలో మా వీధిలో రోజుకు రెండుసార్లు కరెంటు పోతుంటే అదీ విసుగే. ఫైబర్ బాక్సుకీ రౌటర్‌కీ చెరొక 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాక ఆ టెన్షన్ పోయింది. కొనేముందు అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లో చూసుకోండి, మా రౌటర్‌ది 2, బాక్సుది 1.

యూపీఎన్‌పీ విషయంలో ఒక భయం సబబే. లోపల ఉన్న ఏ పరికరం అడిగినా అది తలుపు తీస్తుంది. అందుకే చౌక కెమెరా, స్మార్ట్ బల్బులు, ఇంటికొచ్చే స్నేహితుల ఫోన్లు అన్నీ గెస్ట్ నెట్‌వర్క్‌లోకి మార్చాను, అక్కడ యూపీఎన్‌పీ లేదు. పట్టికను నెలకోసారి తెరిచి తెలియని పేరేమైనా ఉందా అని చూస్తాను.

రౌటర్‌తో తీరనివీ ఉన్నాయి. ఆట సర్వర్ సింగపూర్‌లో పడిన రోజు పింగ్ పెరుగుతుంది, దూరాన్ని ఏ సెట్టింగూ తగ్గించలేదు. గాలివానకు చెట్టు కొమ్మ ఫైబర్ మీద పడితే రెండు రోజులు ఫోన్ డేటాతో గడపాల్సిందే. నింటెండోలో న్యాట్ టైప్ 'బి' మీదే ఆగింది, అన్నిటికంటే మంచిదైన 'ఎ' రాలేదు. పాప, హైదరాబాద్ పిల్ల ఇద్దరూ వారానికి రెండుసార్లు రేసులు వేసుకుంటున్నారు కాబట్టి దాన్ని నేను ముట్టుకోలేదు.

వచ్చే నెల కేఆర్ పురం వైపు ఇల్లు మారుతున్నాం. తమ్ముడు అప్పుడే రెండు ఇంటర్నెట్ కంపెనీల ప్లాన్లు చూసి పెట్టాడు. "అక్కా, ఇందులో 500 వస్తుంది" అన్నాడు. పబ్లిక్ ఐపీ ఇస్తారా, బ్రిడ్జ్ మోడ్ పెడతారా అని ముందు ఫోన్ చేసి కనుక్కోమన్నాను. ఒకరు ఇస్తామన్నారు. అడ్వాన్స్ వాళ్ళకే కట్టాం.